బ్రౌను దొర తండ్రి

మా కాలేజీలో రెండో సంవత్సరం పిల్లలకు ఏటా ఒక గంట బ్రౌను దొర పాఠం చెబుతూ ఉంటాను. ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను గనక నిద్రలో లేపి అడిగినా అప్పగించగలను. 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టాడు, 1817లో చెన్నపట్నం వచ్చాడు, వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించాడు, 1840లో వ్యాకరణం, 1852లో నిఘంటువు. తండ్రి పేరు డేవిడ్ బ్రౌను, క్రైస్తవ మతాచార్యుడు. ఈ చివరి వాక్యం పలకడానికి నాకు మూడు సెకన్లు పడుతుంది. దాని మీద ఇంతవరకూ ఎవరూ ప్రశ్న వెయ్యలేదు.

ఈ ఏడు ఒక అమ్మాయి వేసింది.

"మతాచార్యుడంటే ఏం పని చేసేవారండీ, మాస్టారూ?"

"ఇంగ్లండు రాజసంఘం పాదిరీ అమ్మా. ఆంగ్లికన్ అంటారు. కంపెనీవారి పటాలానికి పాదిరీగా ఉండేవాడు. పరీక్షలో రాదులే," అన్నాను.

"మా నాన్నగారిదీ అదే ఉద్యోగమండీ. పటాలంలో పంతులు గారు," అని కూర్చుంది.

వెనక బెంచీలో ఎవరో నవ్వారు. నేను ఆ మాట దాటేసి వేమనలోకి వెళ్లిపోయాను గాని, ఇంటికి వచ్చి భోజనం చేస్తున్నంతసేపూ అది గొంతుకు అడ్డం పడ్డట్టే ఉంది. మన సైన్యంలో పండితుడు, మౌల్వీ, గ్రంథి, పాదిరీ ఉంటారనీ, వాళ్లకు నాయబు సుబేదారు హోదా ఇచ్చి తీసుకుంటారనీ వినడమే తప్ప, వాళ్లేం చేస్తారో నాకు తెలియదు. బ్రౌను తండ్రి ఏం చేసేవాడో అంతకన్నా తెలియదు. తెలియని సంగతిని ఇరవై ఏళ్లుగా పాఠంలో ఒక వాక్యంగా అప్పగిస్తున్నానన్న మాట.

ఆదివారం పొద్దున్నే నిడుబ్రోలు వైపున్న వాళ్లింటికి వెళ్లాను. ఆ అమ్మాయి తండ్రి సుబేదారుగా రిటైరై వచ్చి అయిదారేళ్లయింది. నుదుట విభూతి, గళ్ల లుంగీ, ఇప్పటికీ నిటారుగా నిలబడే మనిషి. కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"పూజలూ వ్రతాలూ చేయించడమేనా అండీ మీ పని?" అన్నాను. అడిగిన తరవాత నాకే చిన్నతనమనిపించింది.

"అది తేలిక పని మాస్టారూ. మందిరంలో హారతికి అరగంట చాలు. మిగతా రోజంతా కుర్రాళ్లతోటే. ఒకడికి ఇంటి దగ్గర పొలం తగాదా, ఒకడికి పెళ్లాం ఉత్తరం రాయదు. ఆసుపత్రికి వెళ్లి కూర్చోవాలి. ఎవడన్నా పోతే స్నానం చేయించడం దగ్గరనుంచి జేబులో కాగితాలు లెక్క చూడ్డం దాకా మనమే."

కాసేపు ఊరుకొని మళ్లీ తనే చెప్పాడు. 1999లో, కార్గిలు యుద్ధమప్పుడు, గాయపడినవాళ్లను దింపే ఒక ఆసుపత్రి గుడారంలో ఉన్నాడట. ఒక నాగా కుర్రవాడు. క్రైస్తవుడు. ఆ సమయానికి పాదిరీ ఎవరూ దగ్గర లేరు. పంతులుగారే వెళ్లి మంచం పక్కన కూర్చున్నాడు. ఆ కుర్రవాడికి హిందీ వచ్చును గాని ఆఖరి గంటలో హిందీ మరిచిపోయాడు. తన భాషలో ఒకే మాట పదేపదే అడుగుతున్నాడు.

"నీళ్లేమోనని నీళ్లిచ్చాను. తాగలేదు. దుప్పటేమోనని కప్పాను. తోసేశాడు. చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. అదేనా అతనడిగింది, ఏమో. భాష రాలేదండీ నాకు," అన్నాడు సుబేదారు.

ఆ మాట పట్టుకునే నేను ఇంటికి వచ్చి డేవిడ్ బ్రౌను సంగతి చదవడం మొదలుపెట్టాను. పాఠకులకు ఈ వారం ఆ కథే మనవి చేస్తున్నాను.

డేవిడ్ బ్రౌనుది ఇంగ్లండులో యార్కుషైరు ప్రాంతం. కేంబ్రిడ్జిలో చదివి, దీక్ష తీసుకొని, 1786లో కలకత్తాలో ఓడ దిగాడు. దేశం కాని దేశానికి ఆయనను పిలిపించినది మతబోధ కోసం కాదు, కంపెనీ సైనికుల అనాథశాల నడపడం కోసం. ఆ రోజుల్లో కంపెనీ పటాలంలో చేరిన తెల్లవాడు తిరిగి తన ఊరు చూడడమన్నది పూర్వజన్మ సుకృతం. తుపాకి గుండుకన్నా జ్వరమూ సారాయీ ఎక్కువమందిని తీసుకుపోయేవి. వాళ్లకు ఇక్కడి స్త్రీల వల్ల పుట్టిన పిల్లలు చాలామంది ఉండేవారు. తండ్రి పోతే ఆ పిల్లలు అటు దొరల్లోనూ కలవరు, ఇటు తల్లి కులంలోనూ కలవరు. అల్లాంటి పిల్లల కోసం సైన్యాధికారులే తలా కొంచెం చందా వేసుకొని పెట్టుకున్న శాల అది. యుద్ధం మిగిల్చిపోయిన పిల్లలకు అన్నం, చదువు, నాలుగు మంచి మాటలు చెప్పే పని డేవిడ్ బ్రౌనుకు మొదటి ఉద్యోగం. దానితోపాటే ఫోర్టు విలియం కోటలో ఒక దండుకు పాదిరీగా కూడా నియమించారు.

కోటలో పటాలం పాదిరీ అంటే యుద్ధభూమిలో కత్తి దూసినవాడని అనుకోకూడదు. ఆదివారం ప్రార్థన, పెళ్లి, నామకరణం, ఆసుపత్రి, సమాధి. అందులో సమాధి వంతు ఎక్కువ. ఆయన ఉన్న కాలమెల్లా యుద్ధాలే. 1790 నుంచి 1792 దాకా టిప్పు సుల్తానుతో, 1799లో మళ్లీ టిప్పుతోనే శ్రీరంగపట్నం దగ్గర, 1803లో మహారాష్ట్రులతో. ప్రతి దండయాత్రకూ కలకత్తా నుంచి మనుషులు వెళ్లడం, వెళ్లినవాళ్లలో కొందరి పిల్లలు అనాథశాల గుమ్మం ఎక్కడం.

ఇక్కడ ఒక చిక్కు వచ్చి పడింది. కలకత్తాలో కియర్నాండరు అనే స్వీడను దేశపు పాదిరీ తన సొంత డబ్బుతో ఒక ప్రార్థనాలయం కట్టించాడు. ఎర్రగా ఉంటుందని ఊరివాళ్లు లాల్ గిర్జా అనేవారు. ముసలితనంలో ఆయన అప్పులపాలై దివాలా తీస్తే, 1787లో ఆ గుడి వేలానికి వచ్చింది. దేవుడి ఇల్లు దండోరా వేసి అమ్ముతున్నారని చార్లెసు గ్రాంటు అనే కంపెనీ ఉద్యోగి పదివేల రూపాయలు కట్టి విడిపించాడు. విడిపించాడు సరే, అందులో దీపం పెట్టేదెవరు? డేవిడ్ బ్రౌను నేను పెడతానన్నాడు. జీతం లేకుండా. అనాథశాల పెద్దలకు ఇది నచ్చలేదు. రెండు పడవల్లో కాళ్లు పెట్టవద్దు, ఏదో ఒకటే చెయ్యమన్నారు. ఆయన గుడి వదలనన్నాడు. 1788లో అనాథశాల ఉద్యోగం పోయింది. పెళ్లాం, పిల్లలు, ఊరుకాని ఊరు. ఇంట్లో నలుగురు పిల్లలను పెట్టుకొని చదువు చెప్పుకుంటూ కాలక్షేపం చేశాడు. ఆ గుడిలో ఇరవై ఏళ్లకు పైగా జీతం తీసుకోకుండానే పని చేశాడు.

ఆ 1788లోనే మన గుంటూరు సర్కారు నిజాము చేతిలోనించి కంపెనీ చేతిలోకి వెళ్లింది. ఆ సంగతి కలకత్తాలో ఆయన వినే ఉంటాడు, విని మరిచిపోయి ఉంటాడు. ఈ జిల్లా పేరు తన ఇంట్లో మళ్లీ వినబడబోతుందని ఆయనకేం తెలుసు?

ఆయన చేసినదంతా నాకు ఒప్పుదలేనని చెప్పను. కంపెనీ జెండా నీడన జీతం తింటూ, ఆ జెండా పాతిన ప్రతి చోటా తన మతం వ్యాపించాలని మనసారా కోరుకున్న మనిషి. బెంగాలులో మతప్రచారం కోసం ఇంగ్లండుకు అర్జీలు పంపినవారిలో ఆయనొకడు. కంపెనీవారికి మాత్రం వ్యాపారం మీద ఉన్న భక్తి మతం మీద లేదు. జనం తిరగబడితే లాభాలు పోతాయని 1813 దాకా మతప్రచారకులకు తలుపు మూసే ఉంచారు. భాష నేర్చుకున్నది ప్రేమతోనా, మార్చడానికా అని నన్ను నిలదీసి అడిగితే రెండూనని చెప్పవలసి వస్తుంది. పాళ్లు తేల్చడం నా వల్ల కాదు.

అయితే భాష నేర్పించవలసిన ఉద్యోగం ఒకటి ఆయనను వెతుక్కుంటూ వచ్చింది. వెల్లెస్లీ ప్రభువు 1800లో ఫోర్టు విలియం కాలేజీ పెట్టాడు. ఇంగ్లండు నుంచి దిగే పదహారు పద్దెనిమిదేళ్ల కుర్రదొరలు ఈ దేశభాషలు నేర్చుకోకుండా కచేరీలో కూర్చోకూడదని ఏర్పాటు. కాలేజీ పుట్టిన తేదీని మే 4 అని పెట్టుకున్నారు. అంతకు ముందు ఏడు అదే రోజున శ్రీరంగపట్నం కోట పడింది, టిప్పు చనిపోయాడు. భాషల బడికి యుద్ధం తేదీ జన్మనక్షత్రమయింది! ఆ కాలేజీకి పెద్దగా, అంటే ప్రొవోస్టుగా, డేవిడ్ బ్రౌనును వేశారు. పాఠాలు చెప్పేవారు వేరే ఉన్నారు. బెంగాలీకి విలియం కేరీ. కుర్రదొరలు అప్పులు చెయ్యకుండా, చెడు తిరుగుళ్లు తిరక్కుండా కాయడం బ్రౌనుగారి పని. హాస్టలు వార్డెనుగా రెండేళ్లు చేసిన వాణ్ణి గనక ఆ అవస్థ నాకు తెలుసు.

కలకత్తాకు ఎగువన శ్రీరామపురంలో, హుగ్లీ ఒడ్డున ఆయన ఒక ఇల్లు కొన్నాడు. ఆల్డీన్ అని పేరు. దాని పక్కనే పాడుపడిన రాధావల్లభస్వామి గుడి ఒకటి. నది ఒడ్డు కోసుకు వస్తుంటే స్వామిని ఎప్పుడో మరో చోటికి తరలించుకుపోయారు. ఖాళీగా ఉన్న ఆ గుడిని బ్రౌనుగారు అతిథులకు బసగా చేశారు. మనకు వినడానికి కష్టంగానే ఉంటుంది. 1806లో ఆ బసలోకి వచ్చిన అతిథి పేరు హెన్రీ మార్టిన్. ఇరవై అయిదేళ్ల వాడు, కేంబ్రిడ్జిలో లెక్కల్లో అందరికన్నా మొదటివాడుగా నెగ్గి, అది వదిలేసి కంపెనీ పాదిరీగా వచ్చినవాడు.

మార్టిన్ వచ్చిన దారి వేరు. అతని ఓడ సైన్యాన్ని మోసుకొచ్చే ఓడల గుంపుతో కలిసి బయలుదేరింది. ఆ సైన్యం దారిలో ఆఫ్రికా కొసన, కేపు దగ్గర దిగి, 1806 జనవరి 8న డచ్చివారితో యుద్ధం చేసింది. సేనాని డేవిడ్ బెయిర్డు, శ్రీరంగపట్నం కోట గోడలెక్కించిన దొరే. యుద్ధం ముగియగానే మార్టిన్ ఒడ్డుకు దిగి గాయపడినవారి మధ్యకు వెళ్లాడు. తనవాళ్లూ ఉన్నారు, అవతలివాళ్లూ ఉన్నారు. నేల మీద వరసగా పడుకోబెట్టారు. కేపు మీద ఇంగ్లీషు జెండా ఎగిరినప్పుడు ఫిరంగులు కాల్చి పండగ చేసుకున్నారు. మార్టిన్ మాత్రం ఆ గెలుపుకు సంతోషించడం కన్నా, ఇంగ్లీషువాళ్ల చేతుల్లో చచ్చినవాళ్ల బంధువుల దగ్గరికి వెళ్లి వాళ్లతో కలిసి ఏడవడమే తన మనసుకు తగ్గ పనిగా ఉంటుందని దినచర్యలో వ్రాసుకున్నాడు. సైన్యంతో కలిసి ప్రయాణం చేస్తున్న పాదిరీ ఆ మాట వ్రాసుకోవడం చిన్న సంగతి కాదు.

మార్టిన్ కొన్ని నెలలు ఆ పాడుగుడిలో ఉన్నాడు, బ్రౌనుగారింట్లో మనిషిలా కలిసిపోయాడు. తరవాత దానాపూరు, కాన్పూరు దండుల్లో పాదిరీగా ఉంటూ బైబిలు కొత్త నిబంధనను ఉర్దూలోకి తెచ్చాడు. పారశీకంలోకి తేవడానికి షిరాజు దాకా వెళ్లి, ఇంటికి తిరిగి పోతూ 1812 అక్టోబరులో తుర్కీ దేశపు తోకాటులో చనిపోయాడు. ముప్ఫయి ఒకటో ఏట.

ఆ ఇంట్లో అప్పటికి ఏడేళ్ల పిల్లవాడొకడు తిరుగుతూ ఉండేవాడు. అతనే మన చార్లెసు ఫిలిప్పు బ్రౌను. బడి ఇంట్లోనే. తండ్రే గురువు. హీబ్రూ, పారశీకం, హిందూస్తానీ అన్నం ముద్దలతోపాటు తినిపించాడు. బల్ల దగ్గర కూర్చునే అతిథులు అనువాదకులు, పండితులు, మున్షీలు. ఎవడి మాట వాడి భాషలో వినాలి అన్న సంగతి ఆ పిల్లవాడికి వేరే ఎవరూ చెప్పవలసిన పని లేదు. ఇది నా ఊహ సుమండీ, కాగితం మీద ఎక్కడా లేదు. అయినా పండితులకు ఇంట్లో భోజనం పెట్టి, జీతాలిచ్చి, తాళపత్రాలు వెతికించి, ఒక్కొక్క పాఠం పోల్చి చూసిన ఆ మనిషి ఎక్కడనుంచి ఊడిపడ్డాడా అని ఇరవై ఏళ్లుగా ఆశ్చర్యపడుతున్న నాకు ఈ ఇల్లు చూశాక ఆశ్చర్యం కొంత తీరింది.

డేవిడ్ బ్రౌను ఆరోగ్యం 1812లో బొత్తిగా చెడింది. సముద్రపు గాలి తగిలితే కోలుకుంటాడని చెన్నపట్నం పోయే ఓడ ఎక్కించారు. ఆ ఓడ దారిలోనే ఇసుక మేట మీద కూరుకుపోయింది. వెనక్కి తీసుకువచ్చారు. జూను 14న కన్ను మూశాడు. దాదాపు యాభై ఏళ్లు. పెద్ద కుటుంబం. భార్య పిల్లలను తీసుకొని ఇంగ్లండు వెళ్లిపోయింది. సైనికుల అనాథలను చూడడానికి వచ్చిన మనిషి కొడుకు పదమూడో ఏట తండ్రి లేనివాడయినాడు. తండ్రి చేరలేకపోయిన చెన్నపట్నానికి అయిదేళ్ల తరవాత ఆ కొడుకు వచ్చి దిగాడు. తండ్రి పోయిన ఏడే అక్కడ ఫోర్టు సెయింటు జార్జి కాలేజీ పుట్టింది. అందులోనే వెలగపూడి కోదండరామ పంతులుగారి దగ్గర ఓనమాలు దిద్దాడు. ఆపైన కడప, బందరు, వేమన, జూలూరి అప్పయ్యగారు. అదంతా పాఠకులకు తెలిసిందే.

నేను చెప్పదలచినది గుంటూరు సంగతి. 1832–33, నందన నామ సంవత్సరపు కరువు. డొక్కల కరువనీ పెద్దలు చెప్పుకునేవారు. ఈ జిల్లాలో మూడోవంతుకు తక్కువ కాకుండా జనం చచ్చిపోయారంటారు. ఇప్పుడు మిరపకాయలు ఎండబోసే కళ్లాలున్నచోట అప్పుడు మనుషులు కూలబడి లేవలేదు. ఇరవై ఏళ్లు గడిస్తేగాని బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పడలేదు. ఆ కరువునాడు చార్లెసు బ్రౌను గుంటూరులో కంపెనీ ఉద్యోగి. తక్కిన అధికారులు పైకి వ్రాసే కాగితాల్లో గింజల కొరత అని వ్రాస్తున్నారు. ఈయన కరువు అని వ్రాశాడు. పైవాళ్లకు ఆ మాట కిట్టలేదు. కొరతకు లెక్క చెబితే సరిపోతుంది, కరువుకు గంజి పొయ్యాలి. 1834లో ఆయన ఉద్యోగం ఊడింది. కారణం ఈ ఒక్క మాటేనని నేననను. కొలువు పోగొట్టుకోవడం ఆ ఇంట్లో కొత్త కాదని మాత్రం అంటాను. లండను వెళ్లి ఊరుకోలేదు, అక్కడ కంపెనీ గ్రంథాలయంలో పడివున్న తెలుగు వ్రాతప్రతుల దుమ్ము దులిపాడు. 1837లో మళ్లీ వచ్చాడు.

మా పొన్నూరి దేవుడు సాక్షి భావనారాయణస్వామి. కాశీలో ఇచ్చిన మాటకు సాక్ష్యం చెప్పడానికి ఇంత దూరం నడిచి వచ్చాడని స్థలపురాణం. ఆ గుడి ముందుగా రోజూ కాలేజీకి వెళుతూ ఆ రెండు మూడు రోజులూ ఈ తండ్రీ కొడుకులనే తలుచుకున్నాను.

మరుసటి వారం సుబేదారుగారే మా ఇంటికి వచ్చారు. అమ్మాయి చెప్పిందట, మాస్టారు పాఠం మళ్లీ మొదటినుంచి చెప్పారనీ, ఈసారి గంట సరిపోలేదనీ. నేను బ్రౌను నిఘంటువు తీసి ఆయన చేతికిచ్చాను. బరువు చూశారు. కళ్లజోడు పెట్టుకొని 'క' అక్షరం దగ్గర కాసేపు, 'ద' దగ్గర కాసేపు చదివారు. పేజీ మడత పడకుండా జాగ్రత్తగా మూసి బల్ల మీద పెట్టారు.

"ఇల్లాంటి పుస్తకం ఆ కుర్రాడి భాషకు ఉంటుందా అండీ?" అన్నారు.

"అతని ఊరు తెలుసా? నాగాల్లో ఒక భాష కాదటండీ, చాలా ఉన్నాయి," అన్నాను.

ఊరు పేరు ఆయనకు గుర్తులేదు. ఆ మాట మాత్రం గుర్తుంది. ఇన్నేళ్లయినా. పలికి వినిపించారు, రెండుసార్లు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. నేను ఒక కాగితం తీసుకొని తెలుగు అక్షరాల్లో వ్రాసుకున్నాను. మధ్యలో ఒక ధ్వనికి మన లిపిలో అక్షరం దొరకలేదు. దగ్గరగా ఉన్నది పెట్టి పక్కన చుక్క పెట్టాను.

ఆ మాట ఇక్కడ అచ్చు వేయించను. అది ఆ కుర్రవాడిదీ సుబేదారుగారిదీ. గుంటూరులో ఒక ఆసుపత్రిలో నాగాలాండు నుంచి వచ్చిన నర్సులున్నారని మా కాలేజీ గుమాస్తా చెప్పాడు. వచ్చే శనివారం ఇద్దరం కలిసి నిడుబ్రోలులో పొద్దుటి రైలెక్కుదామనుకున్నాం. కాగితం నిఘంటువులోనే పెట్టాను.